మైనస్ 22 మాహాత్మ్యం

లినక్స్ కెర్నెల్‌కు మన మీద కోపమొస్తే ఒక అంకె చెబుతుంది. అంతకు మించి నోరు విప్పదు. ఆ అంకె 1 నుంచి 133 దాకా ఏదైనా కావచ్చు. ఫైలు లేకపోతే 2, మెమరీ చాలకపోతే 12, పరికరం ఇంకొకరి చేతిలో ఉంటే 16, అసలు పరికరమే లేకపోతే 19. యూనిక్స్ పెద్దలు కష్టానికొక అంకె చొప్పున కూర్చిపెట్టి వెళ్లారు. వాళ్ల వారసులు, అంటే కెర్నెల్ మాడ్యూళ్లు రాసే మహానుభావులు, ఆ జాబితా అంతా తిరగేసి, తర్కించి, మథనపడి, చివరికి 22 అని రాసి నిద్రపోతారు.

కెర్నెల్ లోపల మైనస్ గుర్తు తగిలించుకుని తిరిగే ఈ 22 అసలు పేరు ఈఇన్వాల్. తెర మీద 'ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని పడుతుంది. అంటే నువ్విచ్చింది సరిగ్గా లేదని. ఏమిచ్చాను, అందులో ఏది సరిగ్గా లేదు, ఎలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు అని అడక్కూడదు. ఆడలేక మద్దెల ఓడన్న ఆవిడకు కనీసం ఎదురుగా ఒక మద్దెల ఉండేది. ఈఇన్వాల్ ఇచ్చేవాడికి అదీ అక్కర్లేదు. ఏ పారామీటరూ ఇవ్వకుండా మాడ్యూలు ఎక్కించబోయిన అమాయకుడికి కూడా 'నీ పారామీటర్లు చెల్లవు' అని జవాబొస్తుంది. ఇంతటి మహిమ గల అంకెకు ఇన్నాళ్లూ ఒక స్తోత్రమైనా లేకపోవడం అన్యాయం. ఆ కొరత తీర్చడానికే ఈ ప్రయత్నం.

అధ్యాయం 1: రెండు గొంతులు, ఒకే నోరు

మాడ్యూలు ఎక్కించడం ఆషామాషీ పని కాదు. బయట మామూలు ఫైలుగా పడి ఉన్న కోడు కెర్నెల్లోకి వెళ్లి, కెర్నెల్‌తో సమానమైన అధికారంతో నడవడం మొదలుపెడుతుంది. అందుకే గుమ్మంలో తనిఖీలు ఎక్కువ. అడిగినవాడికి ఆ హక్కుందా? ఫైలు ఈఎల్ఎఫ్ రూపంలోనే ఉందా? సంతకం ఉందా? ఈ కెర్నెల్ కోసమే కంపైల్ చేశారా? వాడుకునే సింబల్స్ అన్నీ దొరుకుతున్నాయా? ఇదే పేరు గలది ముందే లోపల ఉందా? ఇవన్నీ దాటాక మాడ్యూలు తన ఇనిట్ ఫంక్షన్ నడుపుకుంటుంది. అక్కడ మళ్లీ మెమరీ అడగాలి, పరికరాన్ని వెతకాలి, పేరు నమోదు చేసుకోవాలి. వీటిలో ఏది బెడిసికొట్టినా మొత్తం వెనక్కి తిప్పాలి.

ఇన్ని మజిలీల్లో ఎక్కడ ఆగినా బయటికొచ్చేది ఒక్క అంకె. సిస్టమ్ కాల్ మాన్యువల్లో ఏ అంకెకు ఏ అర్థమో వరసగా రాశారు. 17 అంటే మాడ్యూలు ఇప్పటికే ఎక్కి ఉంది. 8 అంటే ఈఎల్ఎఫ్ కాదు, లేదా వేరే ప్రాసెసర్‌ది. 1 అంటే అధికారం లేదు. అంతా చదివి హమ్మయ్య అనుకునేలోగా ఆ పేజీలోనే ఒక బాంబు కూడా పెట్టారు. ఇవి కాక, మాడ్యూలు ఇనిట్ ఫంక్షన్ ఏ ఎర్రర్ ఇస్తే అదే యథాతథంగా వస్తుందట! అంటే తాసిల్దారు ఆఫీసులో ఒకే కిటికీ వెనక ఇద్దరు గుమాస్తాలు కూర్చుని, అర్జీ తిరగ్గొట్టింది తామిద్దరిలో ఎవరో చెప్పకుండా ఒకే రబ్బరు స్టాంపు కొట్టి పంపుతున్నారన్నమాట. గుమ్మం దగ్గర తోసేశారా, లోపలికి పోయి తానే కూలబడిందా అన్నది ఆ అంకెను చూసి తెలుసుకోవడం బ్రహ్మతరం కాదు.

ఇన్స్‌మాడ్ అనే కమాండు మన మీద జాలిపడి దుబాసీ పని చేస్తుంది. 8 వస్తే మాడ్యూలు ఫార్మాట్ చెల్లదంటుంది. 2 వస్తే మాడ్యూల్లో తెలియని సింబల్ ఉందంటుంది. 3 వస్తే సింబల్ వెర్షన్ తప్పంటుంది. 22 వస్తే పారామీటర్లు చెల్లవంటుంది. పాపం, మాట్లాడింది లోడరే అని దాని నమ్మకం. ఇప్పుడు ఒక మాడ్యూలు తన ఇనిట్‌లో ఫర్మ్‌వేర్ ఫైలు కోసం వెతికి, దొరక్క, నిజాయితీగా మైనస్ 2 ఇచ్చిందనుకోండి. ఇన్స్‌మాడ్ చెప్పేది: తెలియని సింబల్ ఉంది. వినేవాడు కెర్నెల్ హెడర్లు మళ్లీ దింపుకుంటాడు, మాడ్యూలు మళ్లీ కంపైల్ చేస్తాడు, సింబల్ పట్టికలు తవ్విపోస్తాడు. సింబల్స్ అన్నీ భేషుగ్గా ఉంటాయి. లేనిది ఫర్మ్‌వేర్ ఫైలు. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

మోడ్‌ప్రోబ్ అని ఇంకో దుబాసీ ఉంది. అదే 8ని అది వేరే మాటల్లో చెబుతుంది, 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని. 2 వస్తే 'తెలియని సింబల్, లేదా తెలియని పారామీటర్, డీమెస్గ్ చూడండి' అంటుంది. తెలియని పారామీటర్ ఇస్తే ఎర్రర్ రావడమన్నది కెర్నెల్లో 2013లోనే పోయింది. అప్పట్నుంచీ కెర్నెల్ అలాంటి పారామీటర్‌ను పట్టించుకోలేదని లాగులో ఒక ముక్క రాసేసి, మాడ్యూలును శుభ్రంగా ఎక్కించేస్తుంది. పాత పారామీటరు తీసేసినంత మాత్రాన ఎవరి యంత్రమూ బూట్ కాకుండా పోకూడదన్నది దాని వెనకున్న మంచి ఉద్దేశం. ఫలితం మాత్రం చూడండి. పారామీటర్ స్పెల్లింగ్ తప్పు రాసినవాడికి సున్నా, అంటే విజయం. ఏ పారామీటరూ రాయనివాడికి మాడ్యూలు గారు మైనస్ 22 దయచేస్తే 'పారామీటర్లు చెల్లవు'.

ఇక 'డీమెస్గ్ చూడండి' అన్న సలహా. అసలు కారణం డీమెస్గ్ కమాండు చూపించే కెర్నెల్ లాగులోనే ఉంటుంది, నిజమే. కానీ ఈ రోజుల్లో చాలా డిస్ట్రిబ్యూషన్లలో మామూలు యూజరు డీమెస్గ్ కొడితే కెర్నెల్ బఫర్ చదవడానికి అనుమతి లేదని వస్తుంది. అనుమతి ఎందుకు లేదో తెలుసుకోవడానికి వెళ్తే, తెలుసుకోవడానికీ అనుమతి లేదన్నమాట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెతను ఇంత పకడ్బందీగా అమలుచేసిన వ్యవస్థ మరొకటి కనిపించదు.

అధ్యాయం 2: సర్వరోగ నివారిణి

22కు ఇంత గిరాకీ ఎందుకో కాస్త నెమ్మదిగా చూద్దాం. మొదటి సుగుణం, అది ఎక్కడైనా ఇముడుతుంది. ఈఎల్ఎఫ్ ఫైల్లో లెక్కలు పొసగకపోతే 22. పారామీటర్ విలువ చెల్లకపోతే 22. సింబల్ వెర్షన్ చెక్‌సమ్ కలవకపోతే, పేరు ఉంది, ఫంక్షన్ ఉంది, కానీ రూపం మారిపోయింది, అప్పుడూ 22. లాగులో మాత్రం ఆ సింబల్ 'తెలియదు' అనే రాసి, పక్కన ఎర్రర్ మైనస్ 22 అని చేరుస్తారు. దాని పైవాక్యంలోనే ఆ సింబల్ వెర్షన్ విషయంలో మాడ్యూలుకూ తనకూ పేచీ ఉందని కెర్నెలే చెప్పింది! పేచీ పెట్టుకునేంత పరిచయం ఉన్నవాడు మరుసటి వాక్యానికల్లా తెలియనివాడైపోయాడు. దీనికి తోడు, పేచీ మామూలు సింబల్ మీదైతే 22, మాడ్యూలు నిర్మాణానికే చెందిన సింబల్ మీదైతే 8. జబ్బు ఒక్కటే, చీటీలు రెండు.

రెండో సుగుణం, తప్పు ఎప్పుడూ అవతలివాడిదే. మెమరీ లేదంటే నా దగ్గర లేదని ఒప్పుకున్నట్టు. పరికరం స్పందించలేదంటే నేను కనుక్కోలేకపోయానని ఒప్పుకున్నట్టు. 22 అంటే నీ వాలకమే బాగాలేదని. రాసేవాడి పరువు పదిలం.

మూడో సుగుణం, కోడ్ రివ్యూలో దానికి అడ్డులేదు. ఈఇన్వాల్ అని రాస్తే ఎవరూ అదేమిటని అడగరు. ఇంకేదైనా రాస్తే అదే ఎందుకని అడుగుతారు. అడిగితే ఆలోచించాల్సి వస్తుంది. ఆలోచిస్తే శుక్రవారం సాయంత్రం ప్యాచ్ వెళ్లదు. హైదరాబాదు, బెంగళూరు చిప్ కంపెనీల్లో డ్రైవర్లు రాసే మనవాళ్లకు ఈ శుక్రవారం సాయంత్రాల సంగతి నేను చెప్పనక్కర్లేదు.

అధ్యాయం 3: మైనస్ ఒకటి దొరలు

22 రాసేవాళ్లది బద్ధకమే అయినా, పాపం, జాబితా ఒకటుందని వాళ్లకు తెలుసు. అదీ తెలియని జాతి ఇంకొకటి ఉంది. ఏం చెడినా మైనస్ 1 రాసేవాళ్లు. సీ భాష మొదటి పాఠంలో ఫెయిలైతే మైనస్ 1 ఇవ్వమన్నారు కదా, ఆ పాఠం దగ్గరే ఆగిపోయారు. కెర్నెల్లో మైనస్ 1కి సొంత అర్థం ఉంది. అది ఈపెర్మ్. 'ఈ పనికి నీకు అనుమతి లేదు.'

రూట్‌గా కూర్చుని, యంత్రం మొత్తం తన చేతిలో ఉన్న మనిషికి అనుమతి లేదని కెర్నెల్ చెబితే అతనేం చేస్తాడు? నమ్ముతాడు. ఎందుకు నమ్మడు? రూట్‌కు కూడా అనుమతి లేకపోవడానికి ఖాయమైన కారణాలే ఉన్నాయి మరి. మాడ్యూలు ఎక్కించే సామర్థ్యం ఆ ప్రాసెస్‌కు లేకపోవచ్చు, కంటెయినర్లలో అది మామూలే. మాడ్యూల్స్ డిసేబుల్డ్ అన్న మీట నొక్కి ఉండొచ్చు, దాన్ని ఒకసారి నొక్కితే రీబూట్ దాకా వెనక్కి తిప్పలేరు. బూట్ లైనులో ఆ మాడ్యూలును బ్లాక్‌లిస్టులో పెట్టి ఉండొచ్చు. కెర్నెల్‌ను రూట్ చేతికి కూడా అందకుండా కట్టడి చేసే లాక్‌డౌన్ అమల్లో ఉండొచ్చు. ఇవన్నీ నిజంగా 1నే ఇస్తాయి. అతను ఒక్కొక్కటీ తడుముకుంటూ పోతాడు. సెక్యూర్ బూట్ ఆపుతాడు. భద్రతా నియమాలు సడలిస్తాడు. చివరికి తేలేదేమిటి? కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చోలేదు. దొరగారు దానికి మైనస్ 1 అన్నారు. లేని అనుమతి కోసం వెతుకుతూ అతను నిజంగా ఉన్న తలుపులన్నీ తీసిపెట్టాడు. అవి మళ్లీ ఎవరు మూస్తారు?

ఇంకా ముందుకు పోయిన జ్ఞానులు ఉన్నారు. మైనస్ గుర్తు పెట్టడమే మరిచి ప్లస్ అంకె ఇస్తారు. అప్పుడు కెర్నెల్ ప్రవర్తన చూసి తీరాలి. ఇనిట్ అనుమానాస్పదంగా ఫలానా అంకె ఇచ్చింది, సున్నా గానీ మైనస్ ఎర్రర్ గానీ ఇవ్వడం సంప్రదాయం అని లాగులో గొణుగుతుంది. అయినా మాడ్యూలు ఎక్కిస్తున్నామని మరుసటి లైనులో ప్రకటిస్తుంది. తన చిరాకు తీరేలా కాల్ స్టాక్ మొత్తం కక్కి, ఆ అనుమానాస్పద వ్యక్తిని ఇంట్లోకి తీసుకుపోయి కూర్చోబెడుతుంది. ఫెయిలయ్యానని చెప్పబోయినవాడు ఒక గీత మరిచినందుకు పాసైపోయాడు.

అధ్యాయం 4: పదిహేడో నంబరు విజయం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మనుషులను ఏడిపించే కథలు. మనిషి ఏడుస్తూనైనా వెతుక్కుంటాడు. ప్రోగ్రాము వెతకదు, నమ్మి ముందుకు పోతుంది. అక్కడే 17 పుట్టిముంచుతుంది.

17 అంటే ఈఎగ్జిస్ట్. లోడరు ఈ అంకెను ఒకే ఒక్క అర్థంలో వాడుతుంది: ఈ మాడ్యూలు ఇప్పటికే లోపలుంది. మోడ్‌ప్రోబ్‌కు ఈ సంగతి తెలుసు. ఉంది కదా, ఇంకేం కావాలి అని, 17 వస్తే దాన్ని విజయంగా లెక్కగట్టి సున్నాతో బయటికొస్తుంది. మొదటిసారి ఎక్కుతోందో లేదో కచ్చితంగా చెప్పమని ప్రత్యేకంగా అడిగితే తప్ప పేచీ పెట్టదు. ఈ తెలివి చాలా అవసరం. బూట్ అయ్యేటప్పుడు ఒకే మాడ్యూలు కోసం అటూ ఇటూ ఎన్నో ప్రోగ్రాములు అడుగుతాయి. రెండో వాడికల్లా ఎర్రర్ ఇస్తే యంత్రం లేవదు.

ఇప్పుడు మన మాడ్యూలు రచయిత వస్తాడు. ఈసారి బద్ధకస్తుడు కాదు, బుద్ధిమంతుడు. ఇనిట్‌లో ఏదో పేరు నమోదు చేయబోయాడు. ఆ పేరు ముందే ఇంకొకరు తీసుకున్నారు. కింది ఫంక్షన్ 17 ఇచ్చింది. కింద నుంచి వచ్చిన ఎర్రర్‌ను మార్చకుండా పైకి పంపాలని పెద్దలు చెప్పారు కదా, అలాగే పంపాడు. కింది అంతస్తులో ఆ 17 అర్థం పేరు తగువు. పై అంతస్తుకు చేరేసరికి దాని అర్థం మాడ్యూలు భద్రంగా లోపలుందని. మోడ్‌ప్రోబ్ విజయం ప్రకటించింది. స్క్రిప్టు ముందుకు సాగింది. ఎల్ఎస్‌మాడ్ కొట్టి చూస్తే మాడ్యూలు లేదు. ఎవరూ అబద్ధమాడలేదు. ప్రతి ఒక్కరూ తమ పాలిట సత్యం చెప్పారు. అంతా కలిసి ఒక పచ్చి అబద్ధం తయారైంది.

ఈ అంకె చుట్టూ పెద్ద తలలే పట్టుకున్నారు. ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో కూలిపోతున్న మాడ్యూలు కోసం అదే క్షణంలో ఇంకొకరు వచ్చి అడిగితే ఏమనాలి? లోపలుందంటే అబద్ధం, కాసేపట్లో అది పోతుంది. అందుకని 2019లో ఒక మార్పు చేశారు: పూర్తిగా ఎక్కిన మాడ్యూలుకే 17 ఇవ్వాలి, మధ్యలో ఉన్నదాని సంగతి తేలేదాకా ఆగి మళ్లీ ప్రయత్నించాలి. వినడానికి ఎంత ధర్మంగా ఉంది! ఇప్పుడు వందల కోర్లున్న సర్వరు ఊహించుకోండి. సీపీయూ వేగాన్ని నడిపే మాడ్యూలు కోసం, పరికరాలను చూసి మాడ్యూళ్లు ఎక్కించే యూడెవ్ ప్రతి సీపీయూ పేరునా ఒక్కో అర్జీ పెడుతుంది. ఆ పనికి ఇంకో డ్రైవరు ముందే కుదురుకుని ఉంది కాబట్టి కొత్త మాడ్యూలు ఇనిట్‌లో ఎలాగూ ఓడిపోతుంది. కొత్త ధర్మం ప్రకారం వందలమందీ వరసలో నిలబడి, ఒకరి ఓటమి పూర్తయ్యేదాకా ఆగి, తమ వంతు రాగానే మళ్లీ అదే మాడ్యూలును ఎక్కించి, మళ్లీ ఓడారు. యంత్రం బూట్ అవడం వదిలేసి ఈ పని మీద కూర్చుంది. 2023 మొదట్లో దాన్ని సర్దారు: దిగిపోతున్న మాడ్యూలు కోసం వచ్చినవాడికి ఈబిజీ, అంటే 16, ఇచ్చి పంపెయ్. ఒక్క అంకె ఎంపికకు ఇంత కథ!

ఆ సీపీయూ వేగపు మాడ్యూలు సంగతి కూడా వినండి. ఇంకొకరు ఆ కుర్చీలో ఉంటే అది చాలా కాలం 17 ఇచ్చేది. 2023లోనే దాన్ని ఈనోడెవ్‌గా మార్చారు. 19 వస్తే డ్రైవర్ కోర్ 'ఇది నీ పని కాదులే' అని చడీచప్పుడు లేకుండా ఊరుకుంటుంది. 17 వస్తే ప్రోబ్ ఫెయిలైందని హెచ్చరిక అచ్చేస్తుంది. అంటే అంకె మారితే అర్థమే కాదు, అవతలి కోడు నడిచే దారే మారిపోతుంది. ఎర్రర్ కోడు మీ గోడు వెళ్లబోసుకోవడానికి కాదు. ఎదుటివాడు తరువాత ఏం చెయ్యాలో చెప్పడానికి. మళ్లీ ప్రయత్నించనా, మానుకోనా, ఇంకొకరిని అడగనా, ఉందనుకుని ముందుకు పోనా? అతనికి కావలసింది ఇది. మీరిచ్చేది 22.

అధ్యాయం 5: తాళంచెవి తిరస్కరణ

భద్రతా విభాగం వారి పద్ధతి వేరు. వాళ్లకు కారణాలు బాగా తెలుసు, రాసిపెట్టుకున్నారు కూడా. సంతకమే లేకపోతే లోలోపల ఒక కోడు, సంతకంలో వాడిన క్రిప్టో తమకు రాకపోతే ఇంకొకటి, సంతకానికి సరిపడే తాళంచెవి తమ దగ్గర లేకపోతే మరొకటి. మూడు కారణాలు, మూడు అంకెలు. చూస్తే కళ్లు చెమర్చేంత శ్రద్ధ. సంతకం తప్పనిసరి చేసిన యంత్రంలో గుమ్మం దాకా వచ్చేసరికి ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా చేసి పంపుతారు: 129. తెర మీద 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్'.

సంతకమే లేని మాడ్యూలు తెచ్చినవాడు ఏ కీ ఇచ్చాడని తిరస్కరించారు? ఏ సర్వీసు తిరస్కరించింది? వర్చువల్ మెషీన్ కోసమో గ్రాఫిక్స్ కార్డు కోసమో తన లాప్‌టాప్‌లో సొంతంగా డ్రైవరు కట్టుకున్న కుర్రవాడు ఈ వాక్యం చదివి, ఇంటర్నెట్‌లో ఏదో సర్వీసుకు తన లైసెన్స్ కీ నచ్చలేదేమో అనుకుంటాడు. పాత కెర్నెళ్లలో ఇదే చోట 'కావలసిన కీ అందుబాటులో లేదు' అని వచ్చేది. అదీ పూర్తి నిజం కాదు గానీ, కనీసం వెతకాల్సిన దిక్కు చూపించేది. అదే యంత్రం సంతకం తప్పనిసరి అనకుండా లాక్‌డౌన్ పెట్టుకుని ఉంటే, అదే మాడ్యూలుకు మళ్లీ మన పాత మిత్రుడు 1, అనుమతి లేదు. 'సంతకం లేని మాడ్యూలును తిరస్కరించాం' అన్న అచ్చమైన నిజం లాగులో పడి ఉంటుంది, అది చదవగలిగినవాళ్ల కోసం.

వర్చువలైజేషన్ మాడ్యూలు తీరు కూడా ఇంతే. బయాస్‌లో ఒక ఆప్షన్ ఆపేసి ఉంటే ఇంటెల్ కేవీఎం మాడ్యూలు చాలా కాలం 95 ఇచ్చేది: ఈ పనికి మద్దతు లేదు. చదివినవాడు తన ప్రాసెసర్‌కు ఆ శక్తి లేదనుకుని కొత్త కంప్యూటర్ ధరలు చూడడం మొదలుపెడతాడు. లాగులో మాత్రం బయాస్ ఆపేసిందని రెండు ముక్కల్లో స్పష్టంగా ఉంటుంది. తెలిసినవాడే తెలియనట్టు నటించడాన్ని లోకంలో మర్యాద అంటారు. ఇక్కడ ఇంటర్‌ఫేస్ అంటారు.

అధ్యాయం 6: తప్పుకు పట్టాభిషేకం

'సరే, తప్పు అంకె ఇచ్చాం, తరువాత దిద్దుకుంటాం' అంటారా? ఆ తరువాత ఎప్పుడో గానీ రాదు. 2012 డిసెంబరులో లినస్ టోర్వాల్డ్స్ ఒక మెయిల్ రాశాడు. యూజర్ ప్రోగ్రాములను విరగ్గొట్టకూడదన్న సూత్రాన్ని పెద్దక్షరాల్లో గర్జించిన మెయిల్ అది. ఆ సూత్రం అందరికీ గుర్తుంది. గొడవకు మూలమేమిటో చాలామందికి గుర్తులేదు. అది ఎర్రర్ కోడ్ గొడవే. పరికరానికి ఆదేశాలు పంపే సిస్టమ్ కాల్ అయిన ఐఆక్టల్‌కు ఒక వీడియో డ్రైవరు జవాబుగా ఇచ్చే అంకె 2గా మారింది. ఫైలు దారులకు సంబంధించిన అంకెను ఐఆక్టల్ ఇవ్వడమేమిటని, అది అక్కడ ఎన్నడూ చెల్లలేదు, చెల్లబోదని ఆయన మండిపడ్డాడు. ప్రోగ్రాములే సరిగ్గా లేవని వాదించబోయిన నిర్వాహకుడిని నోరు మూసుకోమన్నాడు.

ఆ మెయిల్ భాషను సమర్థించనక్కర్లేదు. దాని తర్కంలోని కత్తి మాత్రం రెండు వైపులా కోస్తుంది. ఒకసారి బయటికి వెళ్లిన అంకె మీద ఏదో ఒక ప్రోగ్రాము ఆధారపడుతుంది. ఆధారపడ్డాక దాన్ని మార్చడానికి వీల్లేదు. అంటే ఇవాళ శుక్రవారం సాయంత్రం తమరు ఆలోచించకుండా రాసిన 22 రేపటికి సంప్రదాయం, ఎల్లుండికి శాసనం. దిద్దబోయినవాడు ద్రోహి.

ఆ ఎర్రర్ అంకెల జాబితాలో ఎవరెవరు శాశ్వతంగా కూర్చున్నారో చూస్తే ఇది అర్థమవుతుంది. 118, 119 అంకెలు జెనిక్స్ వారివి. జెనిక్స్ అంటే 1980లలో మైక్రోసాఫ్ట్ అమ్మిన యూనిక్స్. జెనిక్స్ సెమఫోర్లు లేవని చెప్పడానికి నేటికీ ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఒక అంకె సిద్ధంగా ఉంది. బయాస్‌లో ఆప్షన్ ఆపేసి ఉందని చెప్పడానికి మాత్రం లేదు. ఫైల్ సిస్టమ్ చెడిపోతే ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 ఇచ్చేది 117, 'నిర్మాణాన్ని శుభ్రం చెయ్యాలి'. డేటా పోతున్నవాడికి ఇల్లు ఊడ్చుకోమని సలహా. ఇవి చాలవని కెర్నెల్ తన లోపలి వాడకానికి 512 పైన ఇంకొన్ని పెట్టుకుంది. పరికరం తను ఆధారపడేది ఇంకా రాలేదని, కాసేపాగి రమ్మని చెప్పే 517 అలాంటిది. ఇంట్లో మాట్లాడుకునే ఈ భాష అప్పుడప్పుడూ వీధిలోకి జారుతుంది. 524 బయటపడితే మన తెర మీద 'అన్‌నోన్ ఎర్రర్ 524' అని వస్తుంది. కెర్నెల్ ప్యాచ్‌లను చూసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు దీన్ని వాడొద్దని నెత్తీనోరూ కొట్టుకుంటుంది. లేని సిస్టమ్ కాల్‌కు తప్ప ఈనోసిస్ వాడొద్దనీ అంటుంది. స్క్రిప్టు హెచ్చరికను దాటుకుపోవడం ఎంత తేలికో ప్యాచ్ పంపినవాళ్లందరికీ తెలుసు.

అధ్యాయం 7: ఉపాయాలు ఉన్నాయి, అదే చిక్కు

ఇదంతా ప్రారబ్ధమని సరిపెట్టుకుందామంటే, అదీ కుదరదు. అంకె బదులు మాట చెప్పవచ్చని బెల్ ల్యాబ్స్ వాళ్లు ప్లాన్ 9లో ఎప్పుడో చేసి చూపించారు. అక్కడ ఎర్రర్ అంటే చదవదగ్గ వాక్యం. లినక్స్‌లోనే 2017 నుంచి నెట్‌లింక్‌లో అంకెతో పాటు ఒక వాక్యం, ఏ అంశం దగ్గర తప్పుందో ఆ జాడ కూడా పంపే ఏర్పాటుంది. 2019లో వచ్చిన కొత్త మౌంట్ పద్ధతిలోనూ కారణాలను మాటల్లో చదువుకోవచ్చు. అంతకు ముందు మౌంట్ కమాండు చెప్పే కారణం జగత్ప్రసిద్ధం: ఫైల్ సిస్టమ్ రకం తప్పు, లేదా ఆప్షన్ తప్పు, లేదా సూపర్‌బ్లాక్ పాడు, లేదా కోడ్‌పేజీ లేదు, లేదా సహాయక ప్రోగ్రాము లేదు, లేదా ఇంకేదైనా ఎర్రర్. ఒక్క అంకెను పట్టుకుని ఇంతకన్నా నిజాయితీగా ఎవరూ మాట్లాడలేరు.

మాడ్యూలు ఎక్కించే దారి మాత్రం ఇంకా అంకె మీదే నడుస్తోంది. సరే, అంకెతోనే కాపురం చెయ్యాలి. అప్పుడైనా పాటించాల్సినవి నాలుగే. లోడరు తన సొంత అర్థంలో వాడే అంకెల జోలికి, ముఖ్యంగా 17 జోలికి, ఇనిట్‌లో పోకూడదు. కింది నుంచి వచ్చిన అంకెను పైకి పంపే ముందు, పై అంతస్తులో దాని అర్థం అదేనా అని చూసుకోవాలి. మైనస్ 1 అని చేత్తో రాయకూడదు, పేరుతోనే రాయాలి, రాసేటప్పుడైనా దాని అర్థం కంటపడుతుంది. లాగులో మాడ్యూలు పేరుతో, కారణంతో ఒక్క వాక్యం రాయాలి. వీటికి పరిశోధన అక్కర్లేదు, కొత్త హార్డ్‌వేర్ అక్కర్లేదు, పై అధికారి సంతకం అక్కర్లేదు. అక్కర్లేదు కాబట్టే ఎవరూ చెయ్యరు. కష్టమైన పనైతే సదస్సు పెట్టి చేసేవారు.

ఫలశ్రుతి

ఈ మైనస్ 22 మాహాత్మ్యాన్ని భక్తితో పఠించిన మాడ్యూలు రచయితకు కోడ్ రివ్యూ భయం ఉండదు. వాడి బగ్ రిపోర్టులన్నీ వేరే విభాగానికి బదిలీ అవుతాయి. వాడి ఇనిట్‌లో పుట్టిన దోషం హార్డ్‌వేర్ మీదికో, డిస్ట్రిబ్యూషన్ మీదికో, అన్నిటికన్నా సులువుగా యూజరు మీదికో పోతుంది. మైనస్ 1ని ఉపాసించినవాడికి ఇంకా మిన్న: వాడు ఉద్యోగం మారి వెళ్లిపోయిన ఏళ్ల తరువాత కూడా రూట్ యూజర్లు తమ అధికారాన్ని తామే శంకిస్తూ కూర్చుంటారు.

అయ్యా, మాడ్యూలు రచయితగారూ! సరైన అంకె ఎంచుకోవడానికి పట్టేది అర నిమిషం. ఎంచుకోకపోతే ఎక్కడో సర్వర్ గదిలో ఒక మనిషి రాత్రంతా కూర్చోవాలి. ఆ మనిషి రాత్రి కన్నా తమ అర నిమిషమే ఖరీదైనదని తమరు లెక్కగట్టారు. ఆ లెక్కలో ఎక్కడ తప్పుందో చెప్పమంటారా? ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్.